ఒంటిచేతి దంతె బండి

మా ఆయన లైమన్ ఉత్తరాది దక్షిణాది రాష్ట్రాల యుద్ధం నుంచి తిరిగి వచ్చేటప్పటికి కుడి చెయ్యి మోచేతి పైనుంచి లేదు. వర్జీనియాలో ఏదో చర్చి అరుగు మీద పడుకోబెట్టి తీసేశారట. ఆ మాట ఆయన ఒక్కసారే చెప్పాడు, నేనూ మళ్ళీ అడగలేదు. ఇంటికి వచ్చిన మర్నాడే ఎడమ చేత్తో గొడ్డలి పట్టుకుని కట్టెల దగ్గరికి వెళ్ళాడు. మొదట్లో దెబ్బలు కట్టెల కంటే నేలకే ఎక్కువ తగిలేవి. నేను కిటికీలోంచి చూసి పెదవి కొరుక్కునేదాన్ని. బయటికి వెళ్తే మాత్రం తిట్టేవాడు.

కొద్దికొద్దిగా అన్నీ అలవాటు చేసుకున్నాడు. ఒంటిచేత్తో పాలు పితికేవాడు. బూట్ల తాళ్ళు పళ్ళతో బిగించుకునేవాడు. కంచె రాళ్ళను రొమ్ముకు ఆనించుకుని మోసేవాడు. చేతకానిదల్లా గడ్డి పోగు చేయడం ఒక్కటే. మా వెర్మాంట్ కొండల్లో ఆ ఒక్కటి చేతకాకపోతే మిగతావన్నీ వచ్చినా లెక్కలోకి రావు. వేసవిలో కొట్టం నిండా గడ్డి పడకపోతే మంచు కరిగేదాకా పశువులకు పెట్టేది ఏముంటుంది?

గుర్రం లాగే దంతె బండి మా బావగారు హోసియాకి ఉంది. రెండు పెద్ద చక్రాలు, మధ్యలో ఇరుసు, దాని వెనక దువ్వెనకు ఉన్నట్టు వరసగా వంపు తిరిగిన ఉక్కు పళ్ళు, పైన కూర్చోవడానికి పీట. గుర్రం నడుస్తుంటే ఆ పళ్ళు ఎండుగడ్డిని దువ్వుకుంటూ పోతాయి. నిండగానే పీట మీదున్న మనిషి పక్కనున్న పొడుగాటి మీటను బలంగా వెనక్కి లాగాలి. పళ్ళు పైకి లేచి గడ్డి ఒక వరసలో పడుతుంది. మళ్ళీ మీట వదిలి ముందుకు పోవాలి. ఒక చేతిలో పగ్గాలు, ఒక చేతిలో మీట. అది రెండు చేతులున్నవాళ్ళ కోసం పుట్టిన బండి.

హోసియా చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే మా పని సులువయ్యేది. తన గడ్డి అంతా అయ్యాక మా పొలానికి వచ్చి పోగు చేసి పెట్టేవాడు. కానీ ఆయన పని తెమిలేసరికి మా గడ్డి ఎండకు పెళుసైపోయేది, లేకపోతే వానకు నల్లబడేది. ఒక ఏడాది రెండూ జరిగాయి. ఆ చలికాలం మా పశువుల డొక్కలు లోపలికి పోయి, చర్మం కింద ఎముకలు కదలడం కనిపించింది.

వసంతంలో ఒక ఆదివారం హోసియా ఇంట్లో భోజనానికి కూర్చున్నాం. ఉప్పు మాంసం ముక్కలు లైమన్ పళ్ళెంలోకి తానే కోసి వేస్తూ, మధ్యలో నా వైపూ చూస్తూ హోసియా అన్నాడు:

"నీకెందుకురా ఈ అవస్థంతా? నీ పొలం నేను చూసుకుంటా. నువ్వూ హిట్టీ ఇక్కడికొచ్చెయ్యండి. వరండాలో కూర్చుని కోళ్ళకి గింజలేసుకో. హాయిగా ఉంటుంది."

లైమన్ ఆ ముక్కలను ఫోర్కుతో పళ్ళెం అంచుకు నెట్టేశాడు.

"కోళ్ళకి గింజలెయ్యడానికి నీ చిన్నకూతురుంది కదా అన్నయ్యా. పాపం, దాని ఉద్యోగం నేనెందుకు ఊడగొట్టాలి?"

"నేను మంచికే చెప్తున్నా."

"తెలుసు. అందుకే తిట్టలేకపోతున్నా. ఈసారి మా గడ్డికి నువ్వు రానక్కర్లేదు. నేనే పోగు చేసుకుంటా."

"దేంతో? పళ్ళతోనా?" అని నవ్వాడు హోసియా.

"ఇనప పళ్ళతో," అన్నాడు లైమన్.

ఆ మాట అనేశాడే గానీ ఎలాగన్నది ఆయనకే తెలియదు. ఇంటికి వచ్చేదారంతా బండి అంచు మీద కాలితో తడుతూనే ఉన్నాడు.

మా ఊరి కమ్మరి బర్జిల్లై. మనిషి కొలిమి తలుపంత ఉంటాడు, నోరు అంతకంటే పెద్దది. ఆయన కొట్టం వెనక ఎవరో వదిలేసిన పాత దంతె బండి ఒకటి తుప్పు పట్టి పడి ఉంది. లైమన్ దాన్ని అడిగి తెచ్చుకున్నాడు. బర్జిల్లై ఆయన్ని కిందినుంచి పైదాకా చూసి అన్నాడు:

"తీసుకెళ్ళు. కోళ్ళు దానిమీద పడుకుంటున్నాయి, వాటికి మాత్రం నువ్వే సమాధానం చెప్పుకోవాలి. ఏం చేస్తావు దీన్ని?"

"చేతి మీట తీసేసి కాలి మీట పెడతా."

"కాలితో అంత బరువు ఎత్తుతావా? నీ కాలేమన్నా ఎద్దు కాలా?"

"పెట్టి చూద్దాం. లేవకపోతే నవ్వుదువుగాని."

"ఇప్పుడే నవ్వుతా, తర్వాత తీరిక ఉండకపోవచ్చు," అని నిజంగానే నవ్వాడు. కానీ మీట మాత్రం చక్కగా వంచి ఇచ్చాడు.

బర్జిల్లై చెప్పినట్టే అయింది. ఖాళీ పళ్ళు కాలితో తొక్కితే లేచాయి. గట్టు పక్కన నిరుడు నిలిచిపోయిన ఎండుగడ్డి నిండాక మాత్రం లైమన్ పీట మీద నిలబడి ఒంటి బరువంతా వేసినా బెత్తెడు లేచి ఆగిపోయాయి. సాయంత్రానికి మోకాలు గుమ్మడికాయంత వాచింది. కర్పూరం తైలం పట్టిస్తుంటే నాకు విసుగొచ్చింది. గట్టిగానే రుద్దాను.

"బండి లాగేది గుర్రం. గడ్డి ఈడ్చేది గుర్రం. ఎత్తడం దగ్గరికి వచ్చేసరికి మాత్రం మగమహారాజు లేవాలా? అది కూడా దానికే వదిలెయ్యకూడదూ?"

లైమన్ నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఏమన్నావు?"

"ఏమన్నాను? మోకాలు పోతుందన్నా."

"కాదు. గుర్రాన్నే ఎత్తమన్నావు." ఆయన చూపు గోడ మీద ఉంది, గోడను మాత్రం చూడడం లేదు. "గుర్రం లాగితే చక్రం తిరుగుతుంది. చక్రం వెనక భాగం ఎప్పుడూ పైకే పోతుంది. దాన్ని పట్టుకుంటే చాలు. పళ్ళు దాంతోపాటే లేస్తాయి."

"దేంతో పట్టుకుంటావు?"

"కొక్కెంతో. కాలితో నొక్కితే కొక్కెం చక్రంలో పడాలి. అంతే. బరువు నాది కాదు, నొక్కుడు మాత్రం నాది."

తైలం చేత్తోనే బల్ల మీద గీశాడు. ఆ మరక ఎంత తోమినా పూర్తిగా పోలేదు.

చక్రం బొడ్డుకు పళ్ళున్న ఇనప కట్టు ఒకటి వేయడానికి, దాంట్లో పడే కొక్కెం సాగగొట్టడానికి బర్జిల్లైకి చాలా రోజులే పట్టింది. ఆయన నవ్వడం కూడా తగ్గింది. గుర్రపు నాడాలు వేయించుకోవడానికి వచ్చినవాళ్ళను పక్కకు కూర్చోబెట్టి మరీ ఆయనా లైమనూ ఆ పని మీదే ఉండేవారు.

జూన్ నెలలో మొదటి కోత. కొంచెం గడ్డి కోసి, ఎండబెట్టి, మా ఆడగుర్రం జూనోను కట్టాం. లైమన్ ఎడమ చేత్తో పగ్గాలు పట్టుకుని పీట ఎక్కాడు. గడ్డి నిండింది. కాలితో నొక్కాడు. కొక్కెం టక్కున పడింది. నిండు గడ్డితో పళ్ళు దూదిపింజలా లేచాయి. నేను కేక వేశాను. కానీ పళ్ళు ఆగలేదు. కొక్కెం చక్రాన్ని పట్టుకున్నది వదల్లేదు. చక్రంతోపాటు పళ్ళన్నీ పైకి, ఇంకా పైకి, ముందుకు తిరిగి వచ్చి లైమన్ వీపు మీద పడ్డాయి. ఆయన పీట మీంచి ఎగిరిపడ్డాడు. జూనో బెదిరి బండిని ఈడ్చుకుంటూ రాతి కంచె దాకా పరిగెత్తింది.

వీపు మీద గాట్లు పడ్డాయి. అది పెద్ద సంగతి కాదు. పడేటప్పుడు ఎడమ చెయ్యి ఆనించాడు. మణికట్టు ఎముక విరిగింది.

వైద్యుడు చెక్కలు పెట్టి కట్టు కట్టి వెళ్ళాడు. ఆ పూట బెల్లంపాకంలో బీన్స్ ఉడికించి, చెంచాతో ఆయన నోటి దగ్గర పెట్టాను. మొహం తిప్పుకున్నాడు.

"నాకొద్దు."

"ఆకలి లేదా, నేను పెడితే తినవా?"

"నువ్వు పెడితే తినను."

నాకు ఒళ్ళు మండిపోయింది. పళ్ళెం ఆయన ముందు దబ్బున పెట్టాను.

"అయితే కుక్కలా మూతి పెట్టి తిను!"

నా వంక ఒకసారి చూశాడు. వంగి, పళ్ళెంలో మూతి పెట్టి, నిజంగానే తినడం మొదలుపెట్టాడు. పంతానికి మొత్తం తిన్నాడు. తలెత్తేసరికి ముక్కు మీద ఒక బీన్ గింజ, గడ్డం నిండా బెల్లంపాకం. నాకు నవ్వు ఆగలేదు. ఆయనకూ ఆగలేదు. నవ్వితే వీపు గాట్లు నొప్పెడుతున్నాయని తిట్టుకుంటూ నవ్వాడు. తర్వాత పూట నుంచి నేను పెడితేనే తిన్నాడు.

మర్నాడు హోసియా వచ్చాడు. లైమన్ నిద్రపోతున్నాడు. నన్ను కొట్టం దగ్గరికి పిలిచాడు.

"హిట్టీ, వాడికి మిగిలింది ఆ ఒక్క చెయ్యే. అది కూడా పోతే ఏం చేస్తావు? ఆ బండిని ముక్కలు చేసి పొయ్యిలో పెట్టు. బర్జిల్లైకి కూడా చెప్పేశా, ఇక మీ బండి మీద చెయ్యి వెయ్యొద్దని."

ఆయన గొంతులో కోపం లేదు, భయం ఉంది. అదే భయం రాత్రంతా నా పక్కన పడుకుని ఉంది. ఒక్క క్షణం సరేనందామనుకున్నాను. కానీ గొడ్డలి పట్టుకుని నేలను కొట్టిన మనిషి గుర్తుకొచ్చాడు.

"బావగారూ, చెయ్యి పోతే నేను చూసుకుంటా. కానీ ఆయన్ని ఊరికే కూర్చోబెడితే ఆయనతో నేను వేగలేను. మీరూ వేగలేరు. నెల తిరక్కుండా మీ కోళ్ళనే నా ఇంటికి తోలేస్తారు."

"ఇది నవ్వులాట కాదు."

"నేనూ నవ్వట్లేదు. మీరు వెళ్ళండి."

అంతకు ముందెప్పుడూ ఆయనకు నేను ఎదురు చెప్పలేదు. ఆయన వెళ్ళేదాకా కొట్టం తలుపు దగ్గరే నిలబడ్డాను.

లోపలికి వెళ్తే లైమన్ మెలకువగానే ఉన్నాడు. అంతా విన్నాడు. ఆ సంగతి ఎత్తకుండా అన్నాడు:

"కొక్కేన్ని పట్టుకోమని చెప్పాం, వదలమని చెప్పలేదు. అదే తప్పు. పళ్ళు పైకొచ్చేసరికి కొక్కెం తోకకి ఏదో ఒకటి తగలాలి. తగిలి ఊడిపోవాలి."

"ఏం తగలాలి?"

"బండి ముందువైపు చట్రంలోంచి పొడుచుకొచ్చిన మేకు. గట్టి మేకు. ఎక్కడుండాలో నేను చెప్తా, నువ్వు సుద్దతో గుర్తు పెట్టు."

బండిని కంచె దగ్గర్నుంచి వాకిట్లోకి లాగించాను. ఆయన పక్కన నిలబడి గడ్డంతో చూపిస్తే నేను గుర్తు పెట్టాను, చెరిపాను, మళ్ళీ పెట్టాను. దాన్ని బర్జిల్లై దగ్గరికి నేనే తోలుకెళ్ళాను.

"హోసియా వద్దన్నాడు," అన్నాడు బర్జిల్లై చేతులు కట్టుకుని.

"నీ కొలిమికి హోసియా యజమానా?"

"కాదనుకో."

"నీకు పెళ్ళామా?"

బర్జిల్లై పెద్దగా నవ్వి సుత్తి అందుకున్నాడు. "అమ్మా తల్లీ, మేకు ఎక్కడ కావాలో చెప్పు. ముందు నీ నోటికి ఒకటి కొడితే బాగుండును!"

లైమన్ చేతికి కట్టు విప్పలేదు. గడ్డి ఆగదు. కాబట్టి ఆ వేసవిలో పీట ఎక్కింది నేను. లంగా మోకాళ్ళ దాకా పైకి దోపుకుని, పగ్గాలు పట్టుకుని, కాలితో నొక్కాను. పళ్ళు లేచాయి. నేను ముందుకు వంగి తల దాచుకున్నాను. టంగున ఒక చప్పుడు. కొక్కెం ఊడింది. పళ్ళు తమంతట తామే కిందికి దిగి మళ్ళీ గడ్డిని దువ్వడం మొదలుపెట్టాయి. వెనక్కి తిరిగి చూస్తే నేల మీద గడ్డి వరస గీత గీసినట్టు పడి ఉంది.

"తల ఎందుకు దాచుకుంటున్నావు?" అని గట్టు మీంచి లైమన్ అరుపు.

"నీ మీద నమ్మకం లేక!" అని నేనూ అరిచాను.

మూడో వరసకు తల దాచుకోవడం మానేశాను. దారిన పోయేవాళ్ళు బళ్ళు ఆపి మరీ నా మోకాళ్ళను చూశారు. చూడనీ. ఆ ఏడు మా గడ్డి పచ్చి వాసన పోకుండా కొట్టంలో పడింది.

సెప్టెంబరులో జిల్లా సంత. రెండో కోత గడ్డి మీద దంతె బళ్ళ పోటీ పెడతారు. అప్పటికి లైమన్ మణికట్టు అతుక్కుంది. బండికి ఎర్ర రంగు వేసి పోటీకి తీసుకెళ్ళాడు. న్యాయనిర్ణేతల్లో హోసియా ఒకడు. కోటు గుండీలన్నీ పెట్టుకుని, కొత్త టోపీతో మా ఎదురుగా వచ్చాడు.

"ఇంట్లో చేసినవి పనికిరావు, లైమన్. కంపెనీల బళ్ళే పోటీకి. రూలు."

"నిరుడు పీటర్ ఫ్లాగ్ తను చేసిన నాగలి పెట్టలేదూ?"

"అది నాగలి." హోసియా గొంతు తగ్గించాడు. "ఒరేయ్, ఊరందరి ముందు మళ్ళీ కింద పడితే? నవ్వులపాలవుతావు. ఇంటికి పో."

"పోను."

సంత మైదానం పక్కనే రాతి కంచె. కంచె అవతల బర్జిల్లై గడ్డి మడి. ఆ పొద్దున్నే ఆ గడ్డి ఎండి సిద్ధంగా ఉండడం ఏదో అనుకోకుండా జరిగిందని బర్జిల్లై తర్వాత అందరికీ చెప్పుకున్నాడు. ఎవరూ నమ్మలేదు. మైదానంలో పోటీ మొదలవుతుండగా లైమన్ కంచె గేటు తోసుకుని అవతలికి బండి తోలాడు.

ముందు కొద్దిమంది తిరిగి చూశారు. తర్వాత చాలామంది వచ్చి కంచె మీద మోచేతులు ఆనించారు. ఇవతల కంపెనీల మనుషులు మీటలు లాగుతూ చెమటలు కక్కుతున్నారు. అవతల ఖాళీ చొక్కాచెయ్యి పిన్నుతో మడిచి పెట్టుకున్న మనిషి, ఎడమ చేత్తో పగ్గాలు పట్టుకుని, ఊరికే కాలు కదుపుతున్నాడు. వరస తర్వాత వరస పడుతోంది.

సగం మడి అయ్యాక ఠప్పుమని చప్పుడైంది. కాలి మీటను కొక్కేనికి కలిపే శీల విరిగిపోయింది. పళ్ళు నేల మీదే ఉండిపోయాయి. కంచె దగ్గర ఎవడో పగలబడి నవ్వాడు. నవ్వు ఒకరి నుంచి ఒకరికి పాకింది.

"ఇప్పుడు ఇంకో కాలు కూడా కావాలేమో!" అని అరిచాడొకడు.

నేను కంచె ఎక్కబోయాను. లైమన్ నా వైపు చూశాడు. రావద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. పగ్గాలు పీటకు చుట్టి కిందికి దిగాడు. నడుముకున్న తోలు బెల్టు ఒంటిచేత్తో ఊడదీశాడు. మోకాలి మీద కూర్చుని, బెల్టును శీల ఉండే రంధ్రంలోంచి దూర్చి, ఒక కొస పళ్ళతో పట్టుకుని, ఇంకో కొస చేత్తో గుంజి ముడి వేశాడు. మొదటిసారి జారిపోయింది. మళ్ళీ వేశాడు. మెడ నరాలు తాళ్ళలా ఉబ్బాయి. ఆయన తొందరపడలేదు. జనం వంక చూడలేదు. నవ్వులు ఎప్పుడు ఆగిపోయాయో నాకు తెలియదు గానీ, ముడి బిగిసేసరికి జనం కంచె మీదికి వంగి ఆ ముడినే చూస్తున్నారు.

ఉన్న ఒక్క చేత్తో జారే ప్యాంటు పైకి లాక్కుని, అదే చేత్తో పగ్గాలు అందుకుని పీట ఎక్కాడు. కాలితో నొక్కాడు. పళ్ళు లేచాయి, టంగుమని కొక్కెం ఊడింది, గడ్డి పడింది. మిగతా సగం మడీ పూర్తి చేసే దిగాడు.

అప్పుడు కంచె దగ్గర్నుంచి ఒక మనిషి గేటు తీసుకుని లోపలికి వచ్చాడు. ఎల్కానా అని, పక్క లోయలో ఉంటాడు. అతనికి ఎడమ కాలు చెక్కది. కర్ర పొడుచుకుంటూ బండి దాకా వచ్చి ఆగాడు.

"యుద్ధంలో నీది ఏ రెజిమెంటు?" అని అడిగాడు.

లైమన్ చెప్పాడు. అతనూ తనది చెప్పాడు. ఇద్దరూ ఆ మాట అంతటితో ఆపేశారు.

"చెక్క కాలితో నొక్కితే పనిచేస్తుందా?"

"కూర్చుని చూడు. కుడి కాలు ఉందిగా, దాంతోనే నొక్కొచ్చు."

"అదెలాగూ పనిచేస్తుందిలే. ఈ చెక్కదానికి ఇంతవరకూ ఎవడూ ఒక్క పనీ ఇవ్వలేదు."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఈ నవ్వు వేరు. ఎల్కానా పీట ఎక్కి, గట్టు పక్కన మిగిలిన కొంచెం గడ్డి మీద బండి తోలి, చెక్క కాలు ఎత్తి మీట మీద వేశాడు. బరువు పడితే చాలు కదా. పళ్ళు లేచాయి. అతను అలాగే మడి చివరిదాకా పోయాడు. తిరిగి రావడానికి చాలాసేపు పట్టింది. వచ్చేసరికి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. గడ్డి నలుసు పడిందన్నాడు.

బహుమతి కంపెనీ బండికే ఇచ్చారు. నీలం రిబ్బను కట్టి, బ్యాండు వాయించారు. అదంతా అయ్యాక హోసియా మా దగ్గరికి వచ్చి టోపీ తీసి నిలబడ్డాడు. బండికి ముడివేసిన బెల్టు వంక చూశాడు.

"నీ ప్యాంటు జారుతోంది," అన్నాడు చివరికి, తన బెల్టు విప్పి ఇస్తూ.

లైమన్ తీసుకున్నాడు. "రేపు తిరిగి ఇస్తా."

"ఉంచుకో."

"రేపు ఇస్తా," అన్నాడు లైమన్ మళ్ళీ. హోసియా తల ఊపాడు. ఆ తర్వాత లైమన్ పళ్ళెంలో మాంసం కోసి వేయడం ఆయన మానేశాడు.

ఆ చలికాలం బర్జిల్లై కొలిమి ఆరలేదు. ఎల్కానా బండి మొదటిది. తర్వాత చేతులు, కాళ్ళు, వేళ్ళు యుద్ధంలో వదిలేసినవాళ్ళు ఎక్కడెక్కడి లోయల నుంచో మంచు మీద జారే బళ్ళలో వచ్చారు. వాళ్ళ వెనకే ఇద్దరు విధవలు, నడుము పట్టేసిన ముసలివాళ్ళు వచ్చారు. కొందరు పాత బళ్ళే తెచ్చి కాలి మీట వేయించుకుపోయారు. ఎల్కానా ఇంటికి పోవడం మానేసి కొలిమిలోనే తిష్ట వేశాడు.

వసంతం వచ్చేసరికి ఒక పెద్దమనిషి వచ్చాడు. ఏదో దంతె బళ్ళ కంపెనీ తరఫున, పేరు విక్స్. బురద అంటకుండా బూట్లు ఎత్తెత్తి వేస్తూ కొలిమిలోకి వచ్చి, బండి చుట్టూ తిరిగి, లైమన్‌ను ఇంటిపేరుతో పిలుస్తూ మొదలుపెట్టాడు.

"మీరు చేసింది కొత్తదేమీ కాదు మిస్టర్ ప్రూయిట్. చక్రంతో పళ్ళు ఎత్తించడం ఒహాయోలో ఒకతను చేశాడు, పెన్సిల్వేనియాలో ఇంకొకతను. వాళ్ళకి పేటెంటు హక్కులున్నాయి. ఇవి చేసి ఇవ్వడం ఆపెయ్యాలి మీరు."

లైమన్ మొహం వాడిపోతుందేమోనని నేను భయపడ్డాను. ఎన్ని నెలల కష్టం! కానీ ఆయన ఆసక్తిగా ముందుకు వంగాడు.

"నిజంగానా? వాళ్ళు కొక్కేన్ని ఎలా ఊడదీస్తున్నారు?"

విక్స్ తడబడ్డాడు. "అది... నాకు సరిగ్గా తెలీదు."

"వాళ్ళలో ఒంటిచేతివాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

"అది కూడా తెలీదు."

"వాళ్ళకి తట్టినందుకు సంతోషం. నాకూ తట్టింది. నేనెవరి దగ్గరా ఎత్తుకు రాలేదు, ఎవరినీ ఎత్తుకుపోవద్దనీ అనలేదు. ఈ లోయల్లో వాళ్ళకి చేసి ఇవ్వడం మాత్రం మానను."

"కోర్టుకి పోవాల్సి వస్తుంది."

"వస్తా. బండి మీదే వస్తా. జడ్జిగారి ఇంటి ముందు గడ్డి ఉంటే పోగు చేసి పెట్టి మరీ లోపలికొస్తా. తీర్పు చెప్పేముందు ఆయన్ని కుడి చెయ్యి వీపు వెనక్కి కట్టుకుని మీ బండి ఒకసారి తోలమనండి."

బర్జిల్లై దాగలి మీద సుత్తితో గట్టిగా ఒక దెబ్బ వేశాడు. విక్స్ ఉలిక్కిపడి రెండడుగులు వెనక్కి వేశాడు. వేసింది బురదలోకే.

అతను వెళ్ళిపోయాక కూడా చాలా రోజులు నేను దారి వైపు చూస్తూనే ఉన్నాను, ఎవరైనా కాగితాలు పట్టుకుని వస్తారేమోనని. ఎవరూ రాలేదు. లైమన్‌కు దారి చూసే తీరికే లేదు. మా పొలాల్లో రాళ్ళెక్కువ. ఒక పన్ను రాయికి తగిలితే పళ్ళ వరస మొత్తం లేచిపోయి గడ్డి కింద మిగిలిపోతోంది. ఒక్కో పన్నూ విడివిడిగా లేవాలని ఆయన, అలా చేస్తే పళ్ళు వదులైపోతాయని ఎల్కానా, ఇద్దరూ మా ఇంట్లో తిండి దగ్గర కూడా తగువులాడుకునేవారు. బల్ల మీద గీయడానికి వీల్లేదని చెప్పి నేను వాళ్ళ ముందు ఒక పలక పడేశాను. దాన్ని పక్కకు తోసేసి మళ్ళీ బల్ల మీదే గీశారు.